కుటుంబానికి తగిన పొడుగు బండి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంవత్సరం పేరు పరాభవ అని విని కొందరు మిత్రులు ఉదయం నుంచీ జంకుతున్నారు. పేరు చూచి భయపడవలసిన పని లేదు. పరాభవమన్నది చాలావరకు మనిషి తన బడాయితో తాను కొనితెచ్చుకొనేది. అటువంటిది ఒకటి మాకు కిందటి సంవత్సరమే జరిగింది. దానిని గూర్చి కూడా ఈ ప్రసంగంలో మనవి చేస్తాము.

కార్యదర్శిగారు మమ్మల్ని మోటారుకార్లను గూర్చి మాట్లాడమన్నారు. పంచాంగ శ్రవణానికీ, పిల్లల పాటలకూ నడుమ ఈ పెట్రోలు వాసన ఎందుకని మొదట సంకోచించాము. తర్వాత ఆలోచించగా వారు అడిగినది సబబే అనిపించింది. మనలో చాలామందిమి పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపుల నుంచి వచ్చి వేలూరులోనూ, గుడియాత్తంలోనూ స్థిరపడినవాళ్ళం. మన పుట్టిల్లు ఘాటు పైన, బ్రతుకుతెరువు ఘాటు కింద. పండుగ వస్తే పైకి ఎక్కాలి. పైనున్నవారికి జబ్బు చేస్తే కిందికి దింపి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. కాబట్టి బండి మనకు విలాస వస్తువు కాదు. ఇంట్లో ఉన్న మంచం, ఉయ్యాల, గంపలవలెనే అదీ ఒక సామాను.

వేలూరు నుంచి గుడియాత్తం పోయే దారికి మోటారుబండ్ల చరిత్రలో ఒక చిన్న స్థానం ఉన్నది. 1900లో ఒక్క మంచంతో వేలూరులో వైద్యం మొదలుపెట్టిన డాక్టర్ ఐడా స్కడర్, కొన్నేళ్ళకు ఈ దారి వెంబడి పల్లె పల్లెకూ ఆగి, చెట్టు నీడన రోగులను చూడడం ప్రారంభించారు. మొదట ఎద్దుబండిలో వెళ్ళేవారు. తర్వాత ఫ్రాన్సు దేశపు ప్యూజో కారు వచ్చింది. ఆమెకు ఆ కారు దర్జాకోసం కాదు, మందులనూ మనుషులనూ మోయడానికి. బండిని ఎన్నుకొనేటప్పుడు మనం అడుగవలసిన మొదటి ప్రశ్న ఆ దారి మీదే ఉన్నది: ఇది ఎవరిని మోయాలి?

ఆ ప్యూజో వారే 2021లో 308 అనే కారుకు ఒక పొడుగు రూపం తెచ్చారు. దాని పేరు చివర ఎస్‌డబ్ల్యూ అని ఉంటుంది. స్టేషన్ వాగన్ అన్నమాట. అమెరికావారు ఆ పేరు పెట్టినారు, రైలు దిగినవారిని సామానుతో సహా ఇంటికి చేర్చే బండి అని. ఇంగ్లీషువారు ఎస్టేట్ కారు అన్నారు. కాట్పాడి స్టేషనులో తెల్లవారుజామున రైలు దిగి, పరుపుచుట్టతో, పచ్చడి జాడీతో, నడవలేని ముసలివారితో నిలబడినవారికి ఈ పేరు అర్థం చెప్పనక్కరలేదు.

పొడుగు బండి రహస్యం చాలా సులభం. మామూలు కారు పైకప్పును వెనక చక్రాల దగ్గర కిందికి వంచకుండా, డిక్కీ చివరివరకూ తిన్నగా లాగుతారు. నేల ఎత్తు పెరగదు, సామాను ఎక్కించడానికి వంగనక్కరలేదు, వెనక సీట్లు మడిస్తే మనిషి పడుకోగలిగినంత చదునైన చోటు వస్తుంది. 308 ఎస్‌డబ్ల్యూ పొడవు సుమారు నాలుగున్నర మీటర్లకు కొద్దిగా పైన, డిక్కీ 608 లీటర్లు. చెకియావారి ఫాబియా మూడవ తరం పొడుగు బండి నాలుగుంపావు మీటర్లే అయినా, డిక్కీ 530 లీటర్లు. అదే ఫాబియా మామూలు రూపంలో 330 లీటర్లే. రెండు వందల లీటర్లంటే చిన్నమాట కాదు. గుడియాత్తం లుంగీ మూటలు మోసినవారికి దాని విలువ తెలుస్తుంది.

ఇక ఇంజను సంగతి. 308 ఎస్‌డబ్ల్యూలో అమర్చిన పెట్రోలు ఇంజనుకు మూడే సిలిండర్లు, 1199 సీసీ. కాని దాని బలం 130 అశ్వశక్తి. మన పాత అంబాసిడరుకు 1489 సీసీ ఉండి కూడా బలం సుమారు 50. చిన్న ఇంజనుకు అంత బలం ఎక్కడిది? టర్బో వల్ల.

టర్బోను కమ్మరి కొలిమితో పోల్చి చెప్పవచ్చు. కొలిమి బాగా మండాలంటే తిత్తి ఊదాలి. తిత్తి ఊదడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి లేకుండా, కొలిమి నుంచి వృథాగా పోయే పొగ చేతనే తిత్తిని ఊదించగలిగితే? అదే టర్బో. ఇంజను వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీద రెండవ కొనకు ఉన్న మరొక చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి నెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చవచ్చు, బలం పెరుగుతుంది. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దీనికి పేటెంటు పొందినారు. అమెరికాలో కార్లకు 1962లో వచ్చింది. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. పొగ వేడి తొమ్మిది వందల డిగ్రీల దాకా పోతుంది. ఆ ఇరుసును కాపాడేది ఇంజను ఆయిలు, పలుచని పొరగా. ఈ మాట గుర్తుంచుకోండి. మా పరాభవానికి మూలం ఇందులోనే ఉన్నది.

ఇంత మంచి బండ్లు మన దేశంలో ఎందుకు కనబడవని మీరు అడుగవచ్చు. రాలేదని కాదు. 1992లో టాటా ఎస్టేట్, తర్వాత మారుతి బలేనో ఆల్టూరా, ఓపెల్ కోర్సా స్వింగ్, 2004లో ఇండిగో మరీనా వచ్చాయి. జనం వాటిని చూచి సరుకుబండి అన్నారు, అంబులెన్సు అన్నారు. తర్వాత చట్టం కూడా ఒక దెబ్బ వేసింది. 2006 కేంద్ర బడ్జెట్టులో, నాలుగు మీటర్లకు మించని పొడవూ, పెట్రోలైతే 1200 సీసీకి మించని ఇంజనూ ఉన్న కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16కు తగ్గించారు. అంతటితో కార్ల తోకలు తెగినాయి. మరీనాను తయారుచేసిన కంపెనీయే 2008లో ఇండిగోను నాలుగు మీటర్లలోపు కురచ చేసి అమ్మింది. పొడుగుకు శిక్ష, చిన్న ఇంజనుకు బహుమానం. చిన్న ఇంజనులోనే బలం పుట్టించాలి గనుక టర్బో పెట్రోలు మన వీధుల్లోకి వచ్చిందీ, పొడుగు డిక్కీ పోయిందీ ఈ లెక్కవల్లనే. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన జీఎస్టీలో కూడా ఆ గీత చెరగలేదు. గీతకు లోపలి కార్లకు 18 శాతం, వెలుపలి వాటికి 40.

అయినా పొడుగు బండి మరొక పేరుతో తిరిగి వచ్చింది, మూడు వరుసల సీట్ల బండిగా. వెనక వరుస మడిచితే అది ఎస్టేట్ కారే. 2023లో వచ్చిన సిట్రోయెన్ సీ3 ఎయిర్‌క్రాస్ ఇంజను ఇందాక చెప్పిన ప్యూజో ఇంజను కుటుంబానికి చెందినదే. బలం 110. తెలుగు బాగా వినిపించే హోసూరులోని కర్మాగారంలో అది తయారైంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన కియా కారెన్స్ అయితే మన పెనుగొండ దగ్గర పుట్టింది. పొడవు నాలుగు మీటర్ల 54 సెంటీమీటర్లు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం రాజధాని పెనుగొండకు, అక్కడినుంచి చంద్రగిరికి, పిమ్మట మన రాయవేలూరికి వచ్చింది. ఇప్పుడు పెనుగొండ బండి అదే వరుసలో వేలూరికి వస్తుంటే మాకు ముచ్చటగా ఉంటుంది.

కారెన్స్‌లో టర్బో లేని 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను తిప్పుడు బలం 144 న్యూటన్ మీటర్లు, అదీ 4500 చుట్ల దగ్గర. మొదట్లో వచ్చిన 1.4 లీటర్ల టర్బోకు 242, అదీ 1500 చుట్ల నుంచే. ఏడుగురు కూర్చొని, ఏసీ వేసుకొని ఘాటు ఎక్కేవారికి ఈ రెండు అంకెల నడుమ భేదం కాలికే తెలుస్తుంది. ఒకటి గింజుకొని ఎక్కుతుంది, ఒకటి నిదానంగా ఎక్కుతుంది. అయితే, కాలు గట్టిగా తొక్కేవారి దగ్గర టర్బో పెట్రోలును నీళ్ళవలె తాగుతుంది. మేము ఏ కంపెనీకీ ప్రచారకులం కాము. ఉన్నది ఉన్నట్లు చెబుతున్నాము.

ఇక మా కథ. మా దగ్గర కూడా ఒక టర్బో పెట్రోలు పొడుగు బండి ఉన్నది, ఒకరు వాడి అమ్మినది. ఇప్పుడు చెప్పిన వాటిలో ఏదీ కాదు. పేరు అనవసరం, ఎందుకంటే తప్పు బండిది కాదు. పదివేల కిలోమీటర్లకు మార్చవలసిన ఆయిలును పందొమ్మిది వేల దాకా లాగినాము. మార్చినప్పుడు కూడా చౌక రకం పోయించాము. ఘాటు ఎక్కగానే పైన టీకొట్టు దగ్గర ఆపి, ఆ క్షణమే తాళం తిప్పి ఇంజను ఆర్పడం మాకు అలవాటు. పెట్రోలు ఆదా అని సంతోషం!

మా పెద్దమ్మ పలమనేరు దగ్గర పల్లెలో ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. కిందటి శ్రావణంలో ఒక రాత్రి ఏడు గంటలకు పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. అక్కడి డాక్టరు కట్టు కట్టి, వెంటనే వేలూరు తీసుకుపొమ్మన్నారు. మా తమ్ముడు ఫోను చేసి, "అన్నా, ఇక్కడే అంబులెన్సు మాట్లాడేదా?" అని అడిగినాడు. "మన బండి ఉండగా అంబులెన్సు ఎందుకురా? సీట్లు మడిస్తే పరుపు పడుతుంది. గంటన్నరలో వస్తాము" అన్నాము. ఆ మాటలో పెద్దమ్మ మీద ప్రేమ ఎంతో, బండి మీద బడాయీ అంతే.

సైనగుంట దాటి ఎక్కుడు మొదలైనప్పుడు ఈలవంటి శబ్దం వినిపించింది. తర్వాత వెనక నీలిపొగ. తర్వాత ఎంత తొక్కినా బండి కదలనన్నది. అది ఏనుగులు రోడ్డు దాటే అడవి. ఫోనుకు సిగ్నలు లేదు. పక్కకు తోసి, దీపాలు ఆర్పి, రెండు గంటలు కూర్చున్నాము. పైన పెద్దమ్మ నొప్పితో మూలుగుతూ మా బండి చప్పుడుకోసం చెవులు రిక్కించుకొని ఉంటుందన్న సంగతి ఆ చీకటిలో మమ్మల్ని ఏనుగులకన్న ఎక్కువ భయపెట్టింది.

చివరకు టమోటాలు దించి ఖాళీగా పలమనేరుకు తిరిగిపోతున్న ఒక వ్యాను ఆగింది. ఆ డ్రైవరు మమ్మల్ని పైకి చేర్చి, ఊరిలోకి వచ్చి, టమోటా పెట్టెలు పక్కకు నెట్టి, పరుపు వేయించి, పెద్దమ్మను పడుకోబెట్టి, తెల్లవారేలోగా వేలూరు చేర్చినాడు. డీజిలు డబ్బు తప్ప పైసా ఎక్కువ ముట్టలేదు. ఏ దర్జా లేని ఆ సరుకుబండి చేసిన పని, మా టర్బో చేయలేకపోయింది. నాలుగు గంటలు ఆలస్యం. ఆ నాలుగు గంటల నొప్పికి మేమే బాధ్యులం.

తర్వాత మెకానిక్ టర్బో విప్పి చూపించినాడు. ఇరుసు చుట్టూ ఆయిలు మాడిన పాకంవలె నల్లగా గడ్డకట్టి ఉన్నది. మేము వేడిమీద ఇంజను ఆర్పినప్పుడల్లా, ఆయిలు ప్రవాహం ఆగి, ఉన్నది ఉన్నచోటే మాడిందన్నమాట. రెండు నెలల సంపాదన దానికే పోయింది.

ఆసుపత్రిలో మేము సంగతి చెప్పుకొని తలవంచుకుంటే, పెద్దమ్మ అన్నది: "ఏమిరా నాయనా, మీ తాత ఎద్దులను ఘాటు ఎక్కించినాక కాసేపు దమ్ము తీర్చుకోనిచ్చేవాడు కదరా. బండికి మాత్రం ఆయాసం ఉండదా?" ఇంజనీర్లు పుస్తకాలలో రాసినది ఆమె ఒక్క మాటలో చెప్పింది. ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తున్నది.

కాబట్టి, కారు కొనబోయేవారికి మా మనవి. ఒకటి: దుకాణానికి టేపు తీసుకొనిపోండి. సీట్లు మడిపించి, ఇంట్లో అందరికన్న పొడుగైనవారిని పడుకోబెట్టి చూడండి. అమ్మేవారు నవ్వితే నవ్వనివ్వండి. రెండు: ఇంట్లో పెద్దవారిని వెంట తీసుకుపోయి ఎక్కించి దించండి. వారు చేయి పట్టకుండా ఎక్కగలిగినదే మీ బండి. మూడు: టర్బో అయితే కంపెనీవారు చెప్పిన రకం ఆయిలే, చెప్పిన గడువుకు ముందే. ప్యూజోవారి ఆ 1.2 ఇంజనులో టైమింగు బెల్టు ఆయిలులోనే తిరుగుతుంది. ఐరోపాలో చాలా బండ్లలో అది ముందుగానే చివికిపోగా, 2024లో కంపెనీ పదేళ్ళు లేక 1,75,000 కిలోమీటర్ల వరకు పూచీ పొడిగించింది. కాని వేళకు ఆయిలు మార్పించిన దాఖలా చూపినవారికే. తర్వాతి ఇంజనులకు గొలుసు పెట్టినారు. నాలుగు: ఎక్కుడు ఎక్కి ఆగినప్పుడు ఒక నిమిషం ఇంజనును ఊరికే తిరగనివ్వండి. ఈనాటి ఇంజనులు కొన్నింటికి టర్బో చుట్టూ నీళ్ళు తిరిగే ఏర్పాటు ఉన్నా, ఆ నిమిషం వల్ల నష్టం లేదు. అయిదు: మన బండి ఎంత పొడుగైనా అది అంబులెన్సు కాదు. ఎముక విరిగినవారి కోసం బడాయి పక్కన పెట్టి అంబులెన్సును పిలవండి.

ఉగాది పచ్చడిలో చేదు ముందు తగిలితే తర్వాతి తీపి బాగుంటుందంటారు. మా చేదు మీకు చెప్పినాము. మీ బండ్లు మీ వారినందరినీ క్షేమంగా ఘాటు ఎక్కించి, క్షేమంగా దింపుగాక.