వాయిదా రోజే ఒక శిక్ష



వాయిదా అంటే ఏమిటో మన వాడలకు తెలుసు. పొద్దున్నే జైలు గేటు కాడ లెక్క, సోదా. ఎస్కార్టు పోలీసులు రాకపోతే ఆ వాయిదా పోయినట్టే. వస్తే వ్యాను, ఆపైన కోర్టు లాకప్పు. ఒక్క గదిలో కిక్కిరిసి కూర్చోవాలి. మంచినీళ్లడిగితే కసురుతారు, ఒంటేలుకు బతిమాలాలి. అన్నం క్యారియరుతో తల్లి బయటే నిలబడుతుంది. చివరికి జడ్జి ముందు ఒక్క నిమిషం. మళ్లీ వాయిదా!

నేరం రుజువు కాకముందే ఈ శిక్షేమిటని మేము అడుగుతున్నాం. 2022 చివర దేశంలో నూటికి 75 మందికి పైగా ఖైదీలు విచారణలో ఉన్నవాళ్లే. జామీనుకు మనిషి దొరకని పేదోడే లోపల మిగులుతాడు.

మేజిస్ట్రేటు అనుమతి లేకుండా కోర్టుకు బేడీలతో తేవద్దని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలైలో వచ్చిన కొత్త చట్టం కొన్ని నేరాల్లో పోలీసులకు ఆ వీలిచ్చింది. కొన్నిటికే, అన్నిటికీ కాదు!

అందుకని చెబుతున్నాం. వాయిదా నాడు మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఊరి నుంచి ఇద్దరన్నా పోవాలి. దెబ్బలు, ఆకలి, బేడీలు, అన్నీ జడ్జి ముందే నోరు తెరిచి చెప్పమనాలి. ఎస్సీ, ఎస్టీలకూ, కస్టడీలో ఉన్న ఎవరికైనా 1987 చట్టం ఉచిత వకీలునిచ్చింది. అడిగి తీసుకుందాం. అది భిక్ష కాదు, హక్కు.

జై భీమ్!