చింపవద్దు, తీసుకురండి



ఉద్యోగ జీవితమంతా దరఖాస్తులు పరిశీలించే బల్ల వెనుక కూర్చున్నవాణ్ణి. 'తిరస్కరించడమైనది' అన్న ముద్ర ఎన్ని కాగితాలపై వేశానో లెక్క లేదు. వాటిలో అభ్యర్థి ప్రతిభను తూచి వేసినవి బహుస్వల్పం. పదవ తరగతి మెమోలో 'షేక్' స్పెల్లింగు ఒకటి, ఆధార్‌లో మరొకటి. లేదా బీసీ-ఇ ధ్రువపత్రం గడువులోగా జతపరచకపోవడం. 2007 చట్టంతో లభించిన 4 శాతం రిజర్వేషను ఈ విధంగానూ చేజారుతున్నది. పేరు చూసి పక్కన పెట్టేవారు లేరని నేననను, అదీ ఉన్నది.

ముద్ర వేసేటప్పుడు నా చేయి ఏనాడూ వణకలేదు. మా అమ్మాయికి కళాశాలలో సీటు రాక, రెండు దినాలు అన్నం ముట్టనప్పుడే దాని బరువు తెలిసింది. బంధువులు "చదువు చాలు, సంబంధాలు చూడండి" అన్నారు. నేను మౌనం వహించాను. అది నా తప్పు. ఆమె తల్లి మాత్రం "కారణం అడిగారా?" అన్నది. అడిగితే, ధ్రువపత్రంలో ఒక్క అక్షరం! మరుసటి సంవత్సరం చేరింది.

ప్రభుత్వ కార్యాలయమైతే సమాచార హక్కు చట్టం క్రింద కారణం అడగవచ్చు. 30 రోజులలో జవాబివ్వాలి. ఆదివారం అసర్ నమాజు తరువాత మసీదు గదిలో ఉంటాను. తిరస్కరణ పత్రంతోపాటు మెమో, ఆధార్ తెండి. తల్లులు కూడా రండి.