అడిగి తీసికొనవలసిన సొత్తు

(అమెరికాలోని తెలుగు శ్రామిక కుటుంబముల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



అమెరికాలోని తెలుగువారనగానే స్వదేశమున నున్నవారికి స్ఫురించునవి కంప్యూటరు ఉద్యోగము, కారు, పెద్ద గృహము. కాని గ్యాస్ స్టేషనులలో రాత్రులు మేల్కొని నిలుచువారును, భోజనశాలల వంటయిండ్లలో పాత్రలు తోమువారును, పరుల బిడ్డలను సాకి సంసారము నీదుకొను తల్లులును మనవారిలో కలరు. సభలలో వీరి మాట వినబడుట అరుదు. నేడు మేము పలుకదలచినది వీరి కొరకే.

ప్రభుత్వము పన్ను గైకొనుట యందరెరిగినదే. ఆ పన్నుల శాఖయే కష్టజీవికి ద్రవ్యము తిరిగి యిచ్చుట కొందరికి వింతగా దోచును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1975 వ సంవత్సరమున, ఫోర్డు అధ్యక్షుడుగా నున్న కాలమున, ఎర్న్డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్ అను ఏర్పాటు వెలసినది. స్వల్ప వేతనముగల కూలివాని యొద్దనుండి గూడ సోషల్ సెక్యూరిటీ పన్ను మొదటి డాలరు మొదలుకొనియే కోతపడును. ఆ భారమును తేలికపరచి, పనిచేయువానికి ప్రోత్సాహ మొసగుట దీని యుద్దేశము. 1997 లోని శాసనముచే బిడ్డలు గలవారికి చైల్డ్ టాక్స్ క్రెడిట్ తోడైనది.

మినహాయింపు వేరు, క్రెడిట్ వేరు. మినహాయింపు పన్ను వేయదగిన ఆదాయమును తగ్గించును; క్రెడిట్ పన్నునే తగ్గించును. మొదట చెప్పిన క్రెడిట్ విషయమున, చెల్లింపవలసిన పన్ను సున్న యైనను మొత్తము చేతికి వచ్చును.

ఒక యుదాహరణము చూతము. భర్త అంగడిలో పనిచేయును. భార్య యింట నుండును. పదునేడేండ్లు నిండని బిడ్డ లిద్దరు. 2025 లో వారి వేతనము 30,000 డాలర్లు. వేరు ఆదాయము లేదు. నిబంధనలన్నియు సరిపడినచో, పన్ను సున్న. ఎర్న్డ్ ఇన్‌కమ్ క్రెడిట్ 7,152 డాలర్లు. చైల్డ్ క్రెడిట్‌లో చేతికి వచ్చు భాగము బిడ్డ కొక్కింటికి 1,700 చొప్పున 3,400. వెరసి 10,552 డాలర్లు. సంవత్సరపు సంపాదనలో మూడవవంతుకు మించినది! ఇంటి అద్దె బాకీ తీరుట, బిడ్డ చదువు సాగుట దీనిపై నాధారపడవచ్చును.

అయిన నర్హత యెవరికి? మొదటిది, ఆదాయము కష్టార్జితమై యుండవలయును. కూలి, జీతము, స్వంత వృత్తి లాభము లెక్కకు వచ్చును. వడ్డీ, పింఛను, నిరుద్యోగ భృతి రావు. 2025 లో వడ్డీ, డివిడెండు మొదలగు పెట్టుబడి రాబడి 11,950 డాలర్లు దాటరాదు. బిడ్డలు ముగ్గురు లేక అంతకు మించి యున్నను, దంపతుల యాదాయము 68,675 డాలర్లకు లోబడి యుండవలయును. బిడ్డలు లేనివారికి వయస్సు 25 నుండి 64 ఏండ్ల వరకు. వారికి దొరకు గరిష్ఠ మొత్తము 649 డాలర్లే.

రెండవది, నంబరు. భార్యాభర్తలకును, లెక్కకు చూపు బిడ్డలకును ఉద్యోగార్హమగు సోషల్ సెక్యూరిటీ నంబరుండవలయును. దంపతులు కలిసి రిటర్ను వేయునప్పుడు భార్యకు ఐటిన్ మాత్రమే యున్నచో ఎర్న్డ్ ఇన్‌కమ్ క్రెడిట్ ఇరువురికిని పోవును. చైల్డ్ క్రెడిట్‌కు దంపతులలో నొకరికి ఆ నంబరున్న చాలును. బిడ్డకు మాత్రము తప్పదు. సంవత్సరములో నే భాగమైనను పన్ను చట్టము దృష్టిలో అనివాసియైన విద్యార్థి సామాన్యముగా ఎర్న్డ్ ఇన్‌కమ్ క్రెడిట్‌కు అర్హుడు కాడు.

మూడవది, బిడ్డ నివాసము. ఎర్న్డ్ ఇన్‌కమ్ క్రెడిట్ కొరకు సగము సంవత్సరమునకు మించి బిడ్డ మీతో అమెరికాలోనే యుండవలయును. గుంటూరులో అమ్మమ్మ చెంత పెరుగుచున్న బిడ్డకు మీరు నెలనెలా సొమ్ము పంపినను, ఆ బిడ్డ లెక్కకు రాడు. ప్రేమ వేరు, నిబంధన వేరు.

ఇవి 2025 పన్ను సంవత్సరపు నిబంధనలు. అంకెలును, వలసవచ్చినవారి యర్హతలును మారుచుండును గనుక ఏ యేటి నియమము ఆ యేడు విచారించుకొనవలయును.

అర్హులైనవారిలో ఐదుగురి కొకరు ఈ క్రెడిట్‌ను కోరుటలేదని పన్నుల శాఖయే చెప్పుచున్నది. పన్ను లేదు గదా, రిటర్ను వేయనేల యని కొందరు. దానము పట్టితిమను సిగ్గుచే కొందరు. అడగనిదే అమ్మయైన పెట్టదు. రిటర్ను వేయనివానికి ఈ సొమ్ము రాదు. మరచినవారు గడువు తేది మొదలు మూడు సంవత్సరములలోగా పాత రిటర్ను వేసి కోరవచ్చును. సిగ్గుపడవలసినదేమి? మీ చెమట యిందులకు పునాది.

ఇక నిందవలసినది వేరొకటి కలదు. కూలి నంతయు చేతిసొమ్ముగా నిచ్చి లెక్కలలో చూపని యజమాని తన పన్ను మిగుల్చుకొనును. పనివాని క్రెడిట్‌ను, వృద్ధాప్యపు పింఛనును గుల్లచేయును. అట్టివాడు మన భాష మాటలాడినంత మాత్రమున మనవాడు కాజాలడు. వేతన పత్రమగు డబ్ల్యూ-2 అడుగుట అవినయము కాదు.

ఎక్కువ తెప్పించెదనని లేని బిడ్డను, లేని ఆదాయమును వ్రాయు దళారి యింకను ప్రమాదకారి. నిర్లక్ష్యముగా తప్పు కోరిక చేసినవారికి రెండేండ్లు, మోసము చేసినవారికి పదియేండ్లు క్రెడిట్ నిషేధింపబడును. దళారి పోవును, సంతకము చేసిన మీరు మిగులుదురు. ఖాళీ కాగితముపై చేవ్రాలు చేయకుడు. వీటా యను పేర, శాఖచే అర్హత పొందిన స్వచ్ఛంద సేవకులు స్వల్పాదాయము గలవారికి ఉచితముగా రిటర్నులు వ్రాసి యిచ్చుచున్నారు. అచటికి పొండు.

మనలో ఆంగ్లము, లెక్కలు నేర్చినవారు వేనవేలు గలరు. వారు ఏటేట ఫిబ్రవరి మొదలు ఏప్రిలు 15 వరకు ఒక్కొక్క శనివారము తమ చుట్టుపట్ల తెలుగు కుటుంబమున కొకదానికి ఈ పత్రములను చదివి చెప్పిన చాలును. పండుగ సభలలో మాతృభాషాభిమానము ప్రకటించుటకంటె, తోటి తెలుగువాని కష్టార్జితము వాని యింటికి చేరునట్లు చూచుట గొప్ప సేవయని మా విశ్వాసము.