భాష – పిలుపు

కనిగిరి ప్రాంతమున పడమటిపల్లె అను గ్రామము కలదు. అమరజీవి పొట్టి శ్రీరాములుగారి పూర్వుల ఊరు అది. వారు మాత్రము 1901వ సంవత్సరము మార్చి 16వ తేదీన చెన్నపట్టణమున జన్మించిరి. ఆంధ్రరాష్ట్రము కొరకు దీక్షబూని ప్రాణము విడిచినదియు చెన్నపట్టణముననే. ఈ మెట్టసీమ పల్లెకును ఆ మహానగరమునకును నడుమ తెగని బంధముగా నిలిచినది తెలుగుభాష. భాష ఒక్కటియే జనులను ఒక జాతిగా నిలుపగలదా? నిలిపినచో, ఆ భాషలో మనము ఒకరినొకరు ఏ విధముగా పిలుచుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలను నేడు శ్రోతలతో కలిసి ఆలోచింపదలచితిమి.

ముందుగా సముద్రమునకు ఆవలనున్న ఒక దేశమును చూతము. ఇండొనీషియా వేలకొలది దీవుల దేశము. అచ్చట ఏడువందలకు పైబడిన భాషలు కలవు. 1928 అక్టోబరు 28వ తేదీన, డచ్చివారి పాలనలో నున్న బటేవియా నగరమున, యువజనులు సమావేశమై మూడు ప్రతిజ్ఞలు చేసిరి. తమ మాతృభూమి ఒకటి. తమ జాతి ఒకటి. తాము మన్నించు ఐక్యభాష ఇండొనీషియా భాష. ఇందులో విశేషమేమనగా, ఆ దేశమున అన్నిటికంటె ఎక్కువమంది మాతృభాషగా మాట్లాడునది జావా భాష. దానిని వారు ఎన్నుకొనలేదు. రేవుపట్టణములలో వర్తకులు, నావికులు వాడుకొనుచుండిన మలయ్ భాషను ఎన్నుకొని, దానికే క్రొత్త పేరు పెట్టిరి.

ఇట్లు చేయుటకు కారణములు కొన్ని కలవు. మలయ్ భాష దీవులన్నిటను అంతో ఇంతో తెలిసినది. మరియొక కారణము మనము గమనింపదగినది. జావా భాషలో ఎదుటివారి అంతస్తును బట్టి మాటలే మారిపోవును. భుజించుట అను సామాన్యమైన పనికి సైతము చిన్నవారి యెడ ఒక మాట, పెద్దవారి యెడ వేరొక మాట. మలయ్ భాషలో అన్ని మెట్లు లేవు. స్వాతంత్ర్యము కోరిన యువజనులకు మెట్లు తక్కువగా నున్న భాష ప్రియమైనది. 1945వ సంవత్సరపు రాజ్యాంగము ఆ భాషనే రాజ్యభాషగా ప్రకటించెను. అప్పటికిని పిలుపులలో భేదములు పూర్తిగా తొలగలేదు. అందుచేత 1957లో ‘అండా’ అను సర్వనామమును పత్రికాముఖమున ప్రచారములోనికి తెచ్చిరి. ఎదుటివారు ఎవరైనను వాడదగిన మాట అది. మన ‘అండీ’కిని దానికిని చుట్టరికము లేదు గాని, చెవికి ఇంపైన పోలిక కలదు.

ఆ దేశపు చరిత్ర మచ్చలేనిది కాదు. 1967 మొదలు 1998 వరకు సాగిన సుహార్తో అధ్యక్షపాలనలో చైనీయ సంతతివారి భాషను, లిపిని బహిరంగముగా వాడుటపై కట్టడి యుండెను. జాతి ఐక్యము అను మంచి మాటయే అధికారుల చేతిలో ఇతరుల నోరు మూయు సాధనము కూడ కాగలదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన సంగతి. భారతదేశము వేరొక మార్గమును త్రొక్కినది. దేశమంతటికి ఒకే భాషను విధింపక, భాషను బట్టి రాష్ట్రములను ఏర్పరచుకొన్నది. 1913లో బాపట్లలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభ నాటినుండి ఈ కోరిక వినవచ్చుచుండెను. 1952 అక్టోబరు 19వ తేదీన శ్రీరాములుగారు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట నిరాహారదీక్ష ప్రారంభించి, 58వ దినమున, డిసెంబరు 15వ తేదీ రాత్రి కన్నుమూసిరి. నాలుగు దినములకు ప్రధాని నెహ్రూగారు రాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము, 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ అవతరించెను.

ఇంతటితో కథ ముగియలేదు. 1969లో తెలంగాణమున, 1972లో ఆంధ్రమున వేర్పాటు ఉద్యమములు చెలరేగెను. 2014 జూన్ 2వ తేదీన తెలుగువారికి రెండు రాష్ట్రము లయ్యెను. నీటివాటాలు, ఉద్యోగములు మొదలైనవి కారణములలో ముఖ్యమైనవి. వానితోపాటు, తమ పలుకును తీరప్రాంతమువారు చిన్నచూపు చూచిరను వేదనయు తెలంగాణమువారికి కలదు. భాష ఇల్లు కట్టగలదు. ఆ ఇంట నున్నవారికి సమానమైన మన్నన కలుగజేయుట మనుష్యుల పని.

ఈ చిన్నచూపు ఎంత నిరాధారమైనదో శాస్త్రజ్ఞులు తెలిపియున్నారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగుదేశమును నాలుగు మాండలిక మండలములుగా విభజించిరి. వారు కూర్చిన మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయపదముల సంపుటము, 1962లో వెలువడినది. అరకకును కాడికిని రైతులు పెట్టుకొన్న పేర్లు పండితుల నిఘంటువులకు తీసిపోవని ఆ గ్రంథము చాటినది. నాడు నెల్లూరు జిల్లాలో నుండిన మా కనిగిరి, ఆ విభజనలో రాయలసీమతో కూడ దక్షిణమండలములోనికి వచ్చును. 1970లో జిల్లా మారినది, పలుకు మారలేదు. 2008లో నెల్లూరు జిల్లాకు శ్రీరాములుగారి పేరు పెట్టునాటికి వారి పూర్వుల ఊరు ఆ జిల్లాలో లేదు. ఎల్లలు కాగితముపై జరుగును. నుడి నోటిని అంటిపెట్టుకొని యుండును.

శ్రీరాములుగారిని రాష్ట్రదాతగా మనమందరము స్మరింతుము. వారు చేసిన మరియొక దీక్షను స్మరించువారు తక్కువ. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయమున, నాడు హరిజనులని వ్యవహరింపబడిన దళితులకు ప్రవేశము కలుగవలెనని వారు నిరాహారదీక్ష చేసిరి. పిమ్మట హరిజనసేవను గూర్చిన నినాదములను అట్టలపై వ్రాసి మెడకు తగిలించుకొని, చెప్పులు లేక, గొడుగు లేక, నెల్లూరు ఎండలో వీధులవెంట తిరిగిరి. చూచి నవ్వినవారు కలరు.

ఆ దీక్షయు, భాషకొరకు చేసిన దీక్షయు వేర్వేరు కావని మా నమ్మకము. తెలుగువారికి ఒక ఇల్లు కావలెనన్న మహనీయుడే, ఆ ఇంటిలో కొందరు గడపవెలుపల నిలువరాదని ముందుగా కోరెను. మనము ఒక కోరికను పండుగగా జరుపుకొని, రెండవదానిని మరచితిమి.

జావా భాషలోని మెట్లను చూచి మనము ఆశ్చర్యపడనక్కరలేదు. చేలోనికి కూలికి వచ్చిన డెబ్బదియేండ్ల ముదుసలిని ఆసామి యింటి పదేండ్ల పిల్లవాడు ‘ఒరే’ అని పిలుచుటయు, ఆ ముదుసలి ‘అయ్యా’ అని బదులు పలుకుటయు మన పల్లెలలో పెద్దవారు వినని సంగతి కాదు. అదియు తెలుగే. అదే నోట ‘తాతా’ అనుటయు తెలుగే. మొదటిది పిల్లవానికి ఇంటిలోని పెద్దలు నేర్పినది. రెండవదియు వారే నేర్పవలెను. ఇందుకు శాసనసభ తీర్మానము అక్కరలేదు, క్రొత్త సర్వనామము అక్కరలేదు.

రేపటి దినమున మన వాకిటికి ఎవరు వచ్చినను, వారిని ఏమని పిలిచితిమో మన పిల్లలు విందురు. మన జాతి ఎట్టిదో వారికి తెలియునది ఆ పిలుపువలననే.