తోలుకు గుడ్డ తోడు

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మనం చేసిన తోలు స్టూళ్లలో నాలుగు వెనక్కి వచ్చాయి. చూశారు గదా! కూర్చునే చోట తోలు సాగింది. నడుమ గుంట పడింది. షావుకారు డబ్బు పట్టుకున్నాడు. మన కష్టం వృథా అయింది.

"తోలు మంచిది కాదు" అని కొందరన్నారు. తోలు మంచిదే. కానీ అది పలచని గొర్రెతోలు. బరువు పడితే సాగుతుంది. దానికి ఒక తోడు కావాలి. ఆ తోడు గుడ్డ.

ముందు తోలును చేత్తో లాగి చూడండి. వెన్ను దగ్గర తక్కువ సాగుతుంది. పొట్ట దగ్గర ఎక్కువ సాగుతుంది. అందుకే కూర్చునే చోటికి వెన్ను భాగం తీసుకోవాలి.

ఇక గుడ్డ. గట్టి కాన్వాసు గుడ్డ కావాలి. పడుగు వైపు లాగండి. సాగదు. పేక వైపు లాగండి. అంతగా సాగదు. ఐమూలగా లాగండి. సాగుతుంది! అందుకని గుడ్డను ఐమూలగా కత్తిరించకూడదు. దారాల వెంట తిన్నగా కత్తిరించాలి.

కొలత రాసుకోండి. స్టూలు పైభాగం 12 అంగుళాలు. మడతకు ఈ పక్క 2, ఆ పక్క 2. మొత్తం 16 అంగుళాలు. తోలుకూ గుడ్డకూ ఇదే కొలత.

తోలుకు గరుకు వైపు సొల్యూషన్ పలచగా పూయాలి. గుడ్డకూ పూయాలి. వేలికి అంటీ అంటనట్టు ఆరాక అతికించాలి. నడుమ నుంచి అంచులకు ఒత్తాలి. తోలును లాగి అతికించకూడదు. రాత్రంతా ఆరనివ్వాలి.

స్టూలు చట్రానికి ముందు నవారు బిగించి అల్లాలి, మంచానికి అల్లినట్టే. దాని మీద తోలు పరచాలి. మేకు తోలులోంచీ గుడ్డలోంచీ దిగాలి. అప్పుడు బరువంతా తోలు మీద పడదు. నవారూ గుడ్డా మోస్తాయి.

ఒక జాగ్రత్త. సొల్యూషన్ వాసన ఒంటికి మంచిది కాదు. నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. తలుపులు తీసి పని చేయండి. పొయ్యి దగ్గర వద్దు. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

ముందు ఒక్క స్టూలు చేద్దాం. వారం రోజులు మనమే కూర్చుని చూద్దాం. గుంట పడకపోతే మిగతావి చేద్దాం.

గుడ్డకూ నవారుకూ ఖర్చవుతుంది. పని కూడా పెరుగుతుంది. ఆ ఖర్చు మనం మింగకూడదు. ఇప్పుడు మనకు రాయడం వచ్చు. ప్రతి పైసా పుస్తకంలో రాద్దాం. మన కూలి కూడా రాద్దాం. ఆ పుస్తకం చూపించి ధర అడుగుదాం.