కంచములో మిగిలిన మెతుకు



బెజవాడయందు 1926లో నెలకొల్పబడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరునకు తరలివచ్చినది. నాటినుండి శ్రీకాకుళము మొదలు గోదావరి సీమవఱకు గల పల్లెల బిడ్డలెందఱో ఇచ్చటి వసతిగృహములందుండి చదువుకొనిరి. వీరిలో పెక్కుమంది రైతుబిడ్డలు; నాట్లును, కోతలును, నూర్పులును కన్నులార చూచినవారు. అన్నము పరబ్రహ్మస్వరూపమని తల్లి నోట విన్నవారు. అయినను ఏ కళాశాల వసతిగృహమునకేగి చూచినను, చేతులు కడుగుకొను తావున నొక తొట్టి యుండును. అందు అన్నమును, కూరయు, పెరుగును కలిసిపోయి యుండును. అన్నము విలువ యెఱుగనివారా వీరు? కారు. మఱి యిది యేల జరుగుచున్నది?

కారణము విద్యార్థి మనసునందుకంటె వడ్డనయందే యెక్కువగా కలదు. మొదటిది భయము. మరల వచ్చుసరికి కూర అయిపోవునేమో యని అతడు మొదటి వడ్డనలోనే కంచము నింపుకొనును. రెండవది తొందర. మూడవది లెక్క. మన వసతిగృహములలో డివైడింగు పద్ధతి యని యొకటి చిరకాలముగా కలదు. నెలకైన భోజనవ్యయమును అందఱకు పంచి వసూలు చేయుదురు. ఒకడు పాఱవేసిన పిడికెడన్నపు ఖరీదు రెండువందలమందిపై పడును. వాని వంతుకు వచ్చునది లెక్కకు రాదు. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదను సామెత యిదియే.

కాని ఆ రెండువందలమందియు పూటకు ఏబది గ్రాముల చొప్పున వదలిరనుకొందము. పూటకు పది కిలోలు. రెండు పూటల లెక్కన నెలకు ఆఱువందల కిలోలు! ఈ లెక్కను గోడపై వ్రాసిన చాలునా? అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ భోజనశాలలో ఈ విషయమును పరీక్షించి, ఫలితములను 2013లో ప్రకటించిరి. క్లుప్తమైన హెచ్చరిక వ్రాసి పెట్టినంతనే వ్యర్థము నూటికి పదునైదు పాళ్లు తగ్గినది. తరువాత, వారు పాఱవేసిన దెంతయో లెక్కలతో తెలిపినను అంతకుమించి తగ్గలేదు. మాట ఉపకరించును, కాని దాని శక్తికి మేర కలదు.

ఆ మేర దాటించున దేమి? 1965లో దేశము తిండిగింజల కొఱతలో నున్నపుడు, విదేశపు గోధుమల ఓడలకై రేవులు ఎదురుచూచుచున్న దినములలో, ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారమున కొకపూట భోజనము మానుడని కోరెను. అసంఖ్యాకులు మానిరి. ఓడరేవు పట్టణమైన విశాఖవారికి ఆ గింజల విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. అడిగినవాడు తానును ఆచరించెను; ఆ పని తమదని ప్రజలు తలచిరి. అందుచేతనే ఆ పిలుపు ఫలించినది.

వసతిగృహమునను అంతియే. ఏమి వండవలెనో విద్యార్థులే కూర్చుండి నిర్ణయింపవలెను. మొదట కొంచెము వడ్డించి, మారు వడ్డన తప్పక దొరకునను నమ్మకము కలిగింపవలెను. వంతులవారీగా తామే వడ్డింపవలెను. గరిటె పట్టినవానికి, తాను వడ్డించిన యన్నము తొట్టిలో పడుట చూచినపుడు, ఉపన్యాసముతో పనిలేదు. పెద్ద తరగతివారు కంచము తుడిచినట్లు తిని లేచినచో, క్రొత్తగా చేరినవాడును అట్లే లేచును.

ఆ తొట్టిలోనిది ఎచ్చటికి పోవును? నగరపు చెత్త చేరునది కాపులుప్పాడ. చెత్తగుట్టల అడుగున గాలి సోకక క్రుళ్లిన అన్నమునుండి మీథేను వాయువు పుట్టి భూమిని వేడెక్కించును. ఇక తొట్టిని ఎత్తి, ఎంగిలి కంచములు తోము స్త్రీ తన బిడ్డలకు కొలిచి వండుకొనునది. ఆమె కన్నులయెదుట ఆ యన్నము పాఱబోయుట యెంతటి నిర్దయ!

తుదకొక మాట. 2022లో లోకమున వ్యర్థమైన ఆహారము నూటయైదు కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క కట్టినది. అందు నూటికి అఱువది పాళ్లు గృహములనుండి పోయినదే. కావున విద్యార్థులను నిందించుటకు ముందు, ఈ రాత్రి మన పంక్తిలోని కంచములను మనము చూచుకొందము. వసతిగృహమునకు పోవు బిడ్డ మొదట తినుట నేర్చినది మన యింటనే గదా!