మాత్రల అట్టలన్నీ చూపించండి

అమ్మా, అయ్యా, మీ ఇంట్లో గుండెజబ్బుకో కొలెస్ట్రాల్‌కో రోజూ అటోర్వాస్టాటిన్ గాని, సిమ్వాస్టాటిన్ గాని వేసుకునే పెద్దవాళ్లుంటే ఈ నాలుగు మాటలు వినండి.

దగ్గు, గొంతునొప్పి అని చీటీ లేకుండా మందుల షాపుకెళ్తే ఒక్కోసారి క్లారిత్రోమైసిన్ లేదా ఎరిత్రోమైసిన్ ఇస్తారు. అవి మంచి మందులే. కాని కొలెస్ట్రాల్ మాత్రను కరిగించి పంపేసే కాలేయంలోని ఎంజైమును అవి అడ్డుకుంటాయి. దాంతో రోజూ వేసుకునే ఆ ఒక్క మాత్రే ఒంట్లో పేరుకుని, ఎన్నో మాత్రలు మింగినట్టవుతుంది. కండరాలు దెబ్బతింటాయి. తొడలు, భుజాలు, నడుము నొప్పులు పుడతాయి. కుర్చీలోంచి లేవలేరు, మెట్లెక్కలేరు. "జ్వరం నీరసంలే" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. వార్డులో మేము తరచు వినే మాట ఇదే.

మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. చితికిన కండరాల నుంచి వచ్చే పదార్థం కిడ్నీలను పాడుచేస్తుంది. సి.పి.కె. అనే రక్తపరీక్షలో సంగతి తెలుస్తుంది. సెలైన్ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

ఇలా జరగడం అరుదే. వయసు మళ్లినవారికి, కిడ్నీ జబ్బున్నవారికి ప్రమాదం ఎక్కువ. అలాగని భయపడి గుండె మాత్రను మీ అంతట మీరు మానిపించవద్దు. కొన్నాళ్లు ఆపాలా, లేక అజిత్రోమైసిన్ వంటి వేరే మందు ఇవ్వాలా అన్నది డాక్టరుగారు చెబుతారు. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. "ఎర్రమాత్ర, తెల్లమాత్ర" అంటే మాకు అర్థం కాదు.